నాలుగు మూలల పసుపు

ఆగస్టు 10, ఆదివారం. సాయంత్రం నాలుగు. వర్తూరు, సంఘం గది. బయట వాన.

హాజరైనవారు: సంఘం అధ్యక్షుడు. వెబ్‌సైటు పని తీసుకోవడానికి వచ్చిన అమ్మాయి. నా భార్య (సభ్యురాలు కాదు, ఆసుపత్రి ఫైలుతో వచ్చింది). నేను.

విషయం: అప్పగింత.

ఆ పూట నా డైరీలో ఇంతే ఉంది. నలభై ఏడేళ్ళుగా నేను రోజూ రాసే పద్ధతి ఇది. తేదీ, ఎవరున్నారు, ఏ పని, ఆ కింద ‘విశేషం’ అని ఒక గడి. ఆ రోజు విశేషం గడి ఖాళీగా ఉండిపోయింది. కంటికి కట్టు విప్పి, ఇక రాసుకోవచ్చని డాక్టరు చెప్పాక, ఆ గడిలో పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మరునాడు పొద్దున ఏడింటికి నా ఎడమ కంటికి శుక్లం తీయాలి. కుడి కన్ను ఫ్యాక్టరీ రోజుల్లోనే ఇనుపరజను పడి సగం పోయింది, కాబట్టి ఉన్నది ఎడమ కన్నే. అప్పటికి రెండుసార్లు వాయిదా వేశాను. మాఘమాసంలో ఒకసారి, వైశాఖంలో ఒకసారి, రెండూ పెళ్ళిళ్ళ కాలాలే. “ముదిరిపోతోంది, మూడోసారి వాయిదా వేస్తే నన్ను అడగొద్దు” అని డాక్టరు ఫైలు మూసి నా భార్య చేతికి ఇచ్చాడు, నా చేతికి కాదు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు కంప్యూటరు వైపు చూడకూడదు. అంటే ఆదివారం సాయంత్రంలోగా సంఘం సైటు మరొకరి చేతికి వెళ్ళాలి. వెళ్ళకపోతే సోమవారం నేను ఆసుపత్రికి వెళ్ళలేను. ఈ మాట అధ్యక్షుడికి, నా భార్యకు, నాకు ముగ్గురికీ తెలుసు.

మా సంఘం చింతామణి, హిందూపురం, కోలారు వైపు నుంచి తరాల కిందట వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళది. తర్వాత పనుల కోసం అనంతపురం నుంచి వచ్చినవాళ్ళూ చేరారు. పెళ్ళి, నామకరణం, గృహప్రవేశం, ఎవరైనా పోతే వైకుంఠ సమారాధన, ఏది జరిగినా కబురు అందరికీ చేరాలి. కరోనా మొదటి సంవత్సరం ఇంటింటికీ కార్డులు పంచడం ఆగిపోయింది. సైటులో కార్డు పెట్టి ఫోనుకు లింకు పంపుదామన్నారు. ఎవరు చేస్తారంటే అందరూ నా వైపు చూశారు. నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. నేర్చుకుంటానన్నాను.

వీడియోలు చూస్తూ రెండు నోటుపుస్తకాలు నింపాను. ఈ కాలపు వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో పేజీని ఒకే ముక్కగా రాయరు. కాంపొనెంట్లు అని చిన్న చిన్న భాగాలుగా రాస్తారు. ఫొటో చట్రం ఒక కాంపొనెంటు, బటన్ ఒక కాంపొనెంటు. ఒకసారి రాసి పెట్టుకుంటే ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల పిలుచుకోవచ్చు. పిలిచేటప్పుడు పేరు ఇది, తేదీ ఇది అని చెబితే ఆ వివరాలతో తయారై వస్తుంది. ఇది అర్థమైన రోజు విశేషం గడి నిండి, రాత పక్కరోజు పేజీలోకి కూడా పాకింది.

ఎందుకంటే నా ఉద్యోగమంతా అదే. ముప్పై నాలుగేళ్ళు యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నాను, చివరి ఇరవై ఏళ్ళు ప్రామాణిక భాగాల సెక్షన్లో. ఒకే బోల్టుకు రెండు డ్రాయింగులు ఉన్నాయని తెలిస్తే ఒకటి చించేయడం నా పని. ఏడు రకాల యంత్రాలకు ఒకే బ్రాకెట్టు సరిపోయేలా గీసినందుకు నాకు గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. ఇప్పటికీ మా హాల్లో నడుస్తోంది.

కాబట్టి కార్డుల పని మొదలుపెట్టిన రోజునే నాకు ఒకటి కనిపించింది. పెళ్ళికార్డులో ఏముంటుంది? పేరు, ఫొటో, తేదీ, సమయం, స్థలం, దారి చూపే మ్యాపు, కింద ఆహ్వానించేవాళ్ళ పేర్లు. సమారాధన కార్డులో ఏముంటుంది? అవే. రెండు డ్రాయింగులు ఎందుకు? ఒకే కార్డు కాంపొనెంటు రాశాను. తేడాలన్నిటికీ స్విచ్‌లు పెట్టాను. ఫొటోలు రెండా, ఒకటా? రంగు ఎరుపా, తెలుపా? భోజనాల సమయం వేయాలా, వద్దా? ఈ పిల్లలు వాటికి వేరే పేరు చెబుతారు, నేను నోటుపుస్తకంలో స్విచ్‌లు అనే రాసుకున్నాను. మొదట ఆరు ఉండేవి. ఎవరో ఒకరు వచ్చి “మా ఇంటి కార్డుకు ఇది కావాల” అనేవారు, నేను ఒక స్విచ్ పెంచేవాణ్ణి. ఆగస్టు నాటికి ముప్పై మూడు.

అందులో తొమ్మిదోది పసుపు. నాలుగు మూలలా పసుపు లేని శుభలేఖ శుభలేఖ కాదని ఆడవాళ్ళు గట్టిగా చెప్పారు. రంగుల పెట్టెలోని పసుపు నాకు నచ్చలేదు. నా భార్యను తడి పసుపులో ఉంగరపు వేలు ముంచి తెల్లకాగితం మీద అద్దమన్నాను. నాలుగు అద్దింది. దాన్ని స్కాన్ చేసి వాడాను. పదింటికి తొమ్మిది కార్డులు శుభకార్యాలవే కాబట్టి ప్రతిసారీ చెప్పే శ్రమ లేకుండా, ఏమీ చెప్పకపోతే పసుపు ఉన్నట్టే అని పెట్టాను. వద్దనుకుంటే వద్దని చెప్పాలి. అది మంచి పద్ధతి అనే అనుకున్నాను.

ఆదివారం మేము చేరేసరికే వర్తూరు రోడ్డు మీద నీళ్ళు మోకాలి కిందిదాకా వచ్చాయి. సంఘం గది అధ్యక్షుడి ప్లైవుడ్ కొట్టు పైన. మెట్లెక్కి పైకి వచ్చాక కింద షట్టరు సగం దింపేశారు. కిటికీలోంచి చూస్తే మా ఆటో వెనక్కి తిరగలేక, ముందుకు పోలేక అక్కడే ఆగి ఉంది.

ఆ అమ్మాయికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుందని, ఈ పని చేస్తానని తనే అడిగిందని అధ్యక్షుడు చెప్పాడు. నా ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చదవడం మొదలుపెట్టింది. నేను పక్కన నోటుపుస్తకం తెరిచి సిద్ధంగా కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఆ పిల్ల ఫైలు పైకీ కిందికీ జరుపుతూ చదివింది.

“తాతా, ఈ ఒక్క ఫైల్లో ఎన్ని లైన్లు ఉండాయో తెలుసా మీకు?” అంది చివరికి.

“తొమ్మిది వందల ముప్పై. ప్రతి స్విచ్‌కీ వివరణ నోటుపుస్తకంలో ఉంది, పేజీ నంబరుతో.”

“నోట్‌బుక్‌లో ఉంటే కోడ్‌కేం తెలుస్తుంది తాతా!”

అధ్యక్షుడు నవ్వాడు. “భయపడొద్దు పాపా. మా అన్న రాసినాడంటే రైల్వే టైంటేబుల్ మాదిరి ఉంటాది.”

“టైంటేబుల్ అయితే చదువుకుంటా అంకుల్. ఇది ఒక రైలు ఆపితే ఇంకో రైలు పట్టాల మీంచి దిగిపోయేలా ఉండాది.”

“స్వల్ప అడ్జస్ట్ చేసుకో పాపా. అన్నకు రేపు కంటి ఆపరేషన్.”

“అందుకే చెప్తున్నా అంకుల్. ఇట్లాగే తీసుకుంటే రేపటినుంచి ప్రతిదానికీ తాతకు ఫోన్ చేయాల్సిందే. కట్టు కట్టుకున్న మనిషికి.”

నా భార్య ఫైలు ఒళ్ళోనుంచి బల్ల మీదికి మార్చింది. “చేస్తే ఎత్తేది నేను. అంత మాత్రం యాద్ పెట్టుకోండి అందరూ.”

వంద కార్డులకు పైగా ఇచ్చిన భాగం అది. ఒక్కసారి రాసి ఇన్నిసార్లు వాడుకున్నానంటే దానిలో తప్పేముందని అడిగాను. ఆ పిల్ల ఫైల్లో కిందికి వెళ్ళింది. ఒకచోట ఆగింది.

“పసుపు. డీఫాల్ట్‌గా ట్రూ పెట్టినారు.”

“అవును. ఏమీ చెప్పకపోతే ఉన్నట్టే.”

“మే నెలలో ఒక సమారాధన కార్డు పసుపుతో పోయింది.”

“వద్దని చెప్పడం మరిచిపోయాను. గంటలో సరిచేశాను. ఆ తర్వాత సమారాధన అయితే పసుపు రాకూడదని ఒక షరతు కూడా రాశాను, చూడు, నాలుగు వందల పదో లైను...”

“చూసినా తాతా. ఆ కార్డు మా నాయనది.”

ఫ్యాను తిరుగుతూ ఉంది. అధ్యక్షుడు దాన్నే చూస్తున్నాడు. ఆయనకు తెలుసు. మే నెలలో వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి సర్దిచెప్పింది ఆయనే. నాకు మాత్రం “ఆయ్తు, అయిపోయింది, మాట్లాడినా, వదిలెయ్యన్నా” అన్నాడు. నేను వదిలేశాను. పోయిన మనిషి పేరు నాకు తెలుసు, నేనే టైపు చేశాను. ఆయనకు ఒక కూతురుందని, ఆమె నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుందని తెలియదు. తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

“మా అమ్మకు లింక్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నా,” అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. “ఏమీ అనలేదు అమ్మ. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఆ మూలల మీద వేలితో తుడిచింది. పోతుందేమోనని. ఒక మూల తుడిచి, ఇంకో మూల తుడిచి.”

నా భార్య కుడిచేతి ఉంగరపు వేలు ఎడమ అరచేతిలో మూసుకోవడం నేను చూశాను.

లేచి వెళ్ళిపోవాలనిపించింది. నిజానికి లేచాను కూడా. కిటికీ దాకా వెళితే కింద నీళ్ళు, ఆగిన ఆటో. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఏదో ఒకటి చేయాలి కాబట్టి నోటుపుస్తకంలో మే నెల పేజీ తీశాను. నేను చదవబోతుంటే ఆ పిల్ల చేయి చాపింది, ఇచ్చాను. పైకి చదివింది.

“కార్డు 118. తప్పు: పసుపు విలువ. కారణం: చెప్పకపోవడం. సరిచేసిన సమయం: 4.20. విశేషం: ఏమీ లేదు.”

నోటుపుస్తకం మూసి నాకు తిరిగి ఇచ్చింది. “మా నాయన పేరు కూడా రాయలేదే తాతా.”

“నంబరు రాస్తాను. అది నా పద్ధతి,” అన్నాను. ఆ మాట అంటూనే అది ఎంత అన్యాయంగా ఉందో వినిపించింది. “తప్పయిందమ్మా,” అన్నాను. మూడు నెలలు ఆలస్యంగా, వానలో ఎటూ పోలేక కూర్చున్న గదిలో అన్నాను.

ఆ పిల్ల ఏదో అనేలోగా, కింద చూసి రావడానికి లేచి వెళ్ళిన అధ్యక్షుడు కొట్టులోకి నీళ్ళు వచ్చాయని మెట్ల మీద నుంచి అరిచాడు. నలుగురం దిగాం. కింద వరస ప్లైవుడ్ షీట్లు తడవకుండా ఇటుకల మీదికి ఎత్తాలి. నన్ను బరువు ఎత్తవద్దని నా భార్య, మీరెత్తొద్దక్కా అని ఆమెను అధ్యక్షుడు ఆపారు. చివరికి ఇటుకలు పేర్చడం నాకు, నా భార్యకు దక్కింది. ఆ పిల్ల ప్యాంటు మడిచి అధ్యక్షుడితో సమానంగా షీట్లు మోసింది. ఆ మధ్యలోనే ఆయన ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని మాట్లాడాడు.

“ఏమప్పా... అవునా, ఎల్లుండా సమారాధన... ఇంత లేటుగా చెప్తే ఎట్లప్పా... ఫొటో పంపించు... ఏందీ? పసుపా? సావు కార్డుకు పసుపా? సుమ్నే ఉండప్పా నువ్వు!” అని ఫోను కిందికి దించి మా వైపు తిరిగాడు. “జిగణిలో ఉండాడే, ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. వాళ్ళమ్మ పోయి తొమ్మిది దినాలు. కార్డుకు నాలుగు మూలలా పసుపు కావాలంట!”

నా భార్య ఇటుక కింద పెట్టింది. “ఆయన తండ్రి ఉండాడు గదా ఇంకా?”

“ఉండాడు.”

“అయితే ఆయమ్మ ముత్తైదువగా పోయింది. పసుపు కుంకాలతో పోయినామెకు పసుపు కావాలంటే తప్పేముంది? బతికుండగానే అడిగి పెట్టుకుని ఉంటాది.”

ఫోనులో అవతలి మనిషి కూడా అదే అన్నట్టుంది. “సరేలేప్పా, సరేలే, ఈ పొద్దే వస్తాది” అని అధ్యక్షుడు పెట్టేశాడు. పెట్టేసి, మామూలుగా చూసినట్టే నా వైపు చూశాడు. ఐదేళ్ళుగా ఆ చూపు నాకు అలవాటు. నా కాళ్ళు వాటంతట అవే మెట్లెక్కాయి.

ఏం చేయాలో నాకు తెలుసు. సమారాధన అయితే పసుపు రాకూడదని మే నెలలో రాసిన షరతు ఇప్పుడు అడ్డం వస్తుంది. దానికి ఒక మినహాయింపు రాయాలి. ముత్తైదువా, కాదా అని ముప్పై నాలుగో స్విచ్ పెట్టాలి. పది నిమిషాల పని. ఒక కన్ను మూసుకుంటే అక్షరాలు రెండుగా కనిపించవు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాను.

“ఏమండీ,” అంది నా భార్య గుమ్మంలోంచి.

“ఇదొక్కటే.”

“మాఘమాసంలోనూ ఇదొక్కటే అన్నారు.”

ఆ పిల్ల తడిచేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. “ముప్పై నాలుగోది మీరు పెడతారు తాతా. ముప్పై ఐదోది ఎవరు పెడతారు? నేనా? నేను పెడితే ఇంకెవరింట్లోనో మూలలు తుడవాల్సి వస్తుంది.”

నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీయలేదు. ఒకే బోల్టుకు రెండు డ్రాయింగులు ఉండకూడదని, ఆ సూత్రం మీదే ముప్పై నాలుగేళ్ళు బతికానని చెప్పాను. గోడగడియారం సంగతి చెప్పాను.

“ఆ బ్రాకెట్టు ఏడు మెషీన్లకూ ఎట్ల సరిపోయింది తాతా?” అని అడిగింది. ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

అప్పుడు ఎవరికీ చెప్పని ఒక సంగతి చెప్పాల్సి వచ్చింది. ఏడు యంత్రాలకు సరిపోవాలంటే బ్రాకెట్టుకు ఇరవై ఎనిమిది రంధ్రాలు వేయాల్సి వచ్చింది. ఒక్కో యంత్రానికి వాడేవి నాలుగే. ఫిట్టర్లు తప్పు రంధ్రంలో బోల్టు బిగించేవారు. ఏడాది తిరక్కుండానే షాపు ఫ్లోరులో వాళ్ళంతట వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. బ్రాకెట్లు రాగానే, ఆ యంత్రానికి అక్కర్లేని ఇరవై నాలుగు రంధ్రాలనూ పుట్టీతో పూడ్చేసేవారు. ఆ పుట్టీ పని నేను ఒకరోజు స్వయంగా చూశాను. చూసి డ్రాయింగు మార్చలేదు. అప్పటికే గడియారం ఇచ్చేశారు.

ఆ పిల్ల పెద్దగా నవ్వింది. నాన్న కార్డు గురించి చెప్పిన గొంతేనా అనిపించింది. “ఇదీ అంతే తాతా. మీరు మే నెలలో రాసిన షరతు పుట్టీ.”

తర్వాత తను చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. బోల్టుకు రెండు డ్రాయింగులు వద్దు, సరే. పేరు, ఫొటో, తేదీ, స్థలం, ఇవి బోల్టులు. ఒక్కోటీ ఒక్కసారే రాయాలి, అందరూ వాడుకోవాలి. కానీ కార్డు బోల్టు కాదు, యంత్రం. పెళ్ళికార్డు ఒక యంత్రం, సమారాధన కార్డు మరొకటి. రెండూ అవే బోల్టులతో తయారైనంత మాత్రాన ఒకటి కావు. పసుపు కూడా ఒక చిన్న భాగంగా విడిగా ఉండాలి. పెళ్ళికార్డు దాన్ని తెచ్చి పెట్టుకుంటుంది. సమారాధన కార్డుకు పసుపు అనేది ఒకటుందనే తెలియదు. తెలియదు కాబట్టి మరిచిపోవడానికి ఏమీ ఉండదు.

“వద్దనుకునేవాళ్ళు వద్దని చెప్పాల్సిన పని ఉండకూడదు తాతా. కావాలనుకున్నవాళ్ళే తెచ్చుకోవాల.”

“మరి జిగణి ఆమెకు?”

“సమారాధన కార్డు తీసుకుని, దాని మీద పసుపు పెడతాం. ఈ ఒక్క కార్డు మీదే. చేత్తో పెట్టినట్టు.”

ల్యాప్‌టాప్ జరిపాను. రెండు అంగుళాలే జరిపాను, కానీ జరిపాను.

ముప్పావుగంట పట్టింది. ఆ పిల్ల నా ఫైల్లోంచి ఒక్కో భాగం విడదీసి వేరే ఫైల్లో పెడుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. ఏ ముక్క ఎక్కడుందో చెప్పడానికి నోటుపుస్తకం నాలుగుసార్లు పనికొచ్చింది, అంతకు మించి లేదు. పెళ్ళికార్డు, సమారాధన కార్డు, ఆ పూటకు ఈ రెండే. మిగతావి తర్వాత విడదీస్తానంది. జిగణి ఆమె ఫొటో వచ్చింది. ముక్కుపుడక, పెద్ద బొట్టు. కార్డు తెర మీదికి వచ్చాక ఆ పిల్ల చివరగా ఒక లైను రాసింది. నాలుగు మూలలా పసుపు వచ్చింది.

నా భార్య ముందుకు వంగి చూసింది. “అది నా వేలమ్మా,” అంది.

“ఏంది అవ్వా?”

“ఆ పసుపు. నేను అద్దింది. మీ ఇంటి కార్డు మీద ఉన్నిందీ నాదే.” “మీ అమ్మకు నేనొచ్చి ఒకసారి కనపడతా” అంది.

“నేనూ వస్తాను,” అన్నాను.

ఆ పిల్ల తెర మీది మూలనూ, మా ఆమె వేలినీ ఒకసారి మార్చి మార్చి చూసింది. “ఫస్ట్ కన్ను బాగు చేసుకుని రండి. అమ్మ ఇంట్లోనే ఉంటాది,” అని మళ్ళీ పనిలో పడింది. “పాస్‌వర్డ్ చెప్పండి తాతా.”

ఇక్కడ నేను ఆగాను. కారణం రాయాలంటే నిజం రాయాలి. ఐదేళ్ళుగా ఎవరు అడిగినా సంఘంవాళ్ళు నన్ను వదలట్లేదనే చెప్పాను. మాఘంలో వదల్లేదు, వైశాఖంలో వదల్లేదు అని డాక్టరుకు కూడా చెప్పాను. కానీ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. నా డైరీలో నాలుగు వేర్వేరు తేదీల కింద ముక్కలుగా రాసి పెట్టాను. నేను చెబితే తప్ప ఆ నాలుగు తేదీలూ ఎవరూ కనిపెట్టలేరు. కొత్త స్విచ్ పెంచిన ప్రతిసారీ ఇంటికి వెళ్ళి సంతోషంగా భోంచేశాను. ‘మీరు లేకపోతే ఎట్లా సార్’ అని ఎవరైనా అంటే ఆ మాట విశేషం గడిలో రాసుకునేవాణ్ణి.

“చెప్పన్నా,” అన్నాడు అధ్యక్షుడు.

“వానైనా నిలుస్తాదేమో, ఈయన నోరు మాత్రం తెరుచుకోదు,” అంది నా భార్య.

చెప్పాను. ఒక్కో అక్షరం విడివిడిగా. ఆ పిల్ల టైపు చేసింది. జిగణి కార్డు లింకు అధ్యక్షుడి ఫోనులో టింగుమంది. టైము ఏడుంపావు. వాన సన్నగిల్లింది. అధ్యక్షుడు షట్టరు పైకి లాగాడు. మేము చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకరి భుజం ఒకరం పట్టుకుని ఆటో దాకా నీళ్ళలో నడిచాం. ఆటో డ్రైవరు నాలుగు గంటల నుంచి అక్కడే సీట్లో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. “బన్ని సార్,” రండన్నాడు, మేము ఇప్పుడే దిగి టీ తాగి వచ్చినట్టు.

మరునాడు పొద్దున ఆరూ యాభైకి ఆసుపత్రిలో ఉన్నాం. ఆకుపచ్చ గౌను తొడిగి, ఎడమ కనుబొమ మీద చిన్న స్టిక్కరు అంటించి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. నాకు ముందు నలుగురు. అందరికీ అదే గౌను, అదే స్టిక్కరు, ఒకరికి కుడి, ఒకరికి ఎడమ. నా భార్య ఫారాలు నింపడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఆమె చేతిసంచీ నా ఒళ్ళో ఉంది. ఫోను అందులో ఉంది.

జిగణి కార్డు తెరిచాను. బాగుంది. ఫొటో సరైన చోట ఉంది, మ్యాపు పని చేస్తోంది. భోజనాల సమయం మాత్రం 12.30 అని ఉంది. మధ్యాహ్నం అన్న మాట లేదు. నా కార్డుల్లో ఎప్పుడూ ఉండేది. ఎవరూ అర్ధరాత్రి పన్నెండున్నరకు భోజనానికి రారని నాకూ తెలుసు. అయినా ఒక్క మాటే కదా. ఫోనులోనే సైటు లోపలికి వెళ్ళబోయాను. నాలుగు తేదీల పాస్‌వర్డు కొట్టాను. తెర మీద ఎర్రని గడిలో ఒక వాక్యం వచ్చింది.

‘క్షమించండి. ఈ పని చేయడానికి మీకు అనుమతి లేదు. దయచేసి సైటు బాధ్యులను సంప్రదించండి.’

అది నేను రాసిన వాక్యమే. మొదటి సంవత్సరం ‘క్షమించాలి’ అనాలా, ‘క్షమించండి’ అనాలా అని అరపూట ఆలోచించి రాశాను. ఐదేళ్ళలో అది నాకు కనిపించడం అదే మొదటిసారి. మరోసారి కొట్టి చూశాను. మళ్ళీ అదే వచ్చింది.

తలెత్తితే నా భార్య ఎదురుగా ఫారాలతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

“నేనే చెప్పినా ఆ పిల్లకు, ఇంటికి పోతూనే పాస్‌వర్డు మార్చెయ్యమని,” అంది. “మీరు పొద్దున్నే చూస్తారని తెలుసు నాకు.”

“మధ్యాహ్నం అని వెయ్యలేదు,” అన్నాను.

“ఆయమ్మ సమారాధనకు వచ్చేవాళ్ళకు ఆకలే చెప్తాది. ఇట్లివ్వండి.”

ఫోను ఇచ్చాను. నర్సు నా పేరు పిలవలేదు, “ఎడ కణ్ణు, ఐదు” అని పిలిచింది. తల వెనక్కి వాల్చమని చుక్కలు వేసింది. మొదటి చుక్కకు మండింది. రెండో చుక్కకు గోడ మీది గడియారం ముల్లు కనిపించడం మానేసింది. ఎదురుగా కూర్చున్న నా భార్య ముందు అంచులు పోయి, తర్వాత మొహం పోయి, చివరికి ఒళ్ళో పసుపురంగు ఫైలు ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ కలిసిపోయింది.